అడగందే అమ్మయినా పెట్టదా?

“అడగందే అమ్మయినా పెట్టదు” అన్న సామెత పుట్టించిన మహానుభావుడెవరో గాని, వాళ్ళమ్మ చేతి ముద్ద తిని వుండడని నా అనుమానం. లేకపోతే ఏ తల్లి అడిగిందాకా ఆగిందండీ? “చాలమ్మా, చాలు” అని విస్తరి మీద చేతులు అడ్డం పెట్టినా, వేళ్ళ సందులోంచి ఇంకో గరిటెడు పప్పు జారవిడిచే జాతి కదూ మనది! బడి నుంచి వచ్చిన పిల్లాడి మొహం చూడగానే వాడికి ఆకలేసిందో, మాస్టారు కొట్టాడో, పెన్ను పారేసుకొచ్చాడో ఇట్టే చెప్పేస్తాం. అడిగిందాకా ఆగితే మనం అమ్మలమెలా అవుతాం?

అయినా సరే, ఈ సామెతని నేను ముప్ఫయ్యొక్క ఏళ్ళపాటు తెగ వాడాను. ఇంట్లో కాదు లెండి, క్లాసులో. ఆడపిల్లల పాలిటెక్నిక్కులో లెక్కలు చెప్పేదాన్ని. “తెలీకపోతే నోరు విప్పి అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదు” అని రోజుకొకసారైనా అనేదాన్ని. అనేసి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుని స్టాఫ్‌రూముకి వెళ్ళిపోయేదాన్ని. నా ధర్మం నేను నెరవేర్చానన్న తృప్తి కూడా వుండేది. అందులో లోపమేమిటో బోధపడటానికి నేను రిటైరయ్యాక పన్నెండేళ్ళు పట్టింది. పైపెచ్చు సముద్రాలు కూడా దాటాల్సి వచ్చింది.

2024లో మా అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళి, జులై నుంచి డిసెంబరు దాకా వున్నాను. అమెరికా వెళ్ళిన అమ్మమ్మల దినచర్య మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నే కాఫీ, కిటికీలోంచి మనిషి జాడలేని వీధి, మధ్యాహ్నం గిన్నెలు తోమే మిషనులోంచి గిన్నెలు తీసి సర్దడం, సాయంత్రం మనవడి కోసం ఎదురుచూపు. మా అమ్మాయి ఇక్కడ ఇంజనీరింగు చదివి, అక్కడ లెక్కల్లో ఎమ్మెస్ చేసి, కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. నా మొహం చూసి జాలేసింది కాబోలు, “అమ్మా, ఇంట్లో గోడలు చూస్తూ కూచోకపోతే నాతో కాలేజీకి రాకూడదూ?” అంది ఒకరోజు.

కమ్యూనిటీ కాలేజీ అంటే, మనవైపు కమ్యూనిటీ సర్టిఫికెట్టు అంటారే, ఆ లెక్కన ఎవరో ఒక కులంవాళ్ళు పెట్టుకున్న కాలేజీ అనుకున్నాను. అది విని మా అమ్మాయి పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వింది. తీరా చూస్తే అక్కడ ఎవరికీ అడ్డు లేదు. పద్ధెనిమిదేళ్ళు నిండినవాళ్ళెవరైనా చేరచ్చు. ఎంట్రెన్సు పరీక్ష లేదు. ఆ రాష్ట్రం వాళ్ళకి ఒక్కో యూనిట్‌కి 46 డాలర్లు ఫీజు. లేనివాళ్ళకి అదీ మాఫీ. కాలిఫోర్నియాలో ఇలాంటివి 116 వున్నాయి.

1960లో ఆ రాష్ట్రం వాళ్ళు పెద్దచదువులకి ఒక ప్రణాళిక వేసుకున్నారు. హైస్కూలు దాటినవాళ్ళలో పైనుండే ఎనిమిదో వంతు పిల్లలకి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా. మూడో వంతు దాకా స్టేట్ యూనివర్సిటీ. మిగతావాళ్ళందరికీ ఈ కాలేజీలు. అలాగని వీళ్ళ మొహాన తలుపు వెయ్యలేదు. ఇక్కడ రెండేళ్ళు బాగా చదివితే యూనివర్సిటీలో మూడో ఏట చేరచ్చు. మన డిప్లొమా పిల్లలు ఈసెట్ రాసి బి.టెక్. రెండో ఏట చేరతారు చూశారూ, అలాగన్నమాట. పదిహేడేళ్ళకి చదవలేకపోయినవాళ్ళకి ముప్ఫయ్యేళ్ళకైనా దారి వుండాలని పెట్టిన తలుపు అది.

ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి! కానీ కాగితం మీద రాసిన పాయసం తియ్యగా వుంటుందా? అమెరికా మొత్తం మీద ఈ కాలేజీల్లో చేరేవాళ్ళలో నూటికి 80 మంది దాకా డిగ్రీ సంపాదించాలన్న ఆశతోనే చేరతారట. యూనివర్సిటీ గడప తొక్కేది మూడోవంతు మంది. చేరిన ఆరేళ్ళలో పట్టా చేతికి తీసుకునేది నూటికి 16 మంది. నల్లవాళ్ళు, మెక్సికో వైపు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు, బీదవాళ్ళు అయితే ఇంకా తక్కువ.

ఎందుకిలా? చదువు రాకనా? అదే అనుకున్నాను నేనూ, మా అమ్మాయి గదిలో కూచునేదాకా.

పాఠాలయ్యాక మా అమ్మాయి సాయంత్రాలు ఒక గదిలో కూచుంటుంది. యూనివర్సిటీలో సైన్సు, ఇంజనీరింగు చదవాలనుకునే పిల్లలు అక్కడికి వస్తారు. పిల్లలంటే మన పిల్లల్లాంటి పిల్లలు కారు. ఒకడు లారీ తోలి వస్తాడు. ఇంకొకామె చంకలో బిడ్డనేసుకుని వస్తుంది. నేను వెళ్ళిన మొదటిరోజు వచ్చినావిడకి ముప్ఫయ్యేళ్ళు దాటి వుంటాయి. తల్లీ తండ్రీ మెక్సికో నుంచి వచ్చి స్ట్రాబెర్రీ తోటల్లో కాయలు కోసినవాళ్ళు. ఈవిడ తెల్లవారుజామున రెండింటికి లేచి రొట్టెలబట్టీలో పనికెళుతుంది. ఏడేళ్ళ కూతురుంది. ఈవిడ కోరికల్లా వంతెనలు కట్టే ఇంజనీరు కావాలని.

ఆవిడ మొదటిసారి ఈ కాలేజీలో చేరింది 2013లోనట. చేరగానే ఒక పరీక్ష పెట్టి, “నీకు లెక్కలు రావు, కిందనుంచి రా” అని మూడు మెట్లు కింద కూచోబెట్టారు. ఆ కింది మెట్ల చదువు యూనివర్సిటీ లెక్కలోకి రాదు. ఏడాదిన్నర చదివింది, డబ్బు కట్టింది, తీరా చూసుకుంటే ఎక్కడుందో అక్కడే వుంది. విసిగి మానేసింది. ఇలా మానేసినవాళ్ళు వేలకి వేలు వున్నారని గ్రహించి, 2017లో ఆ రాష్ట్రం వాళ్ళు చట్టం చేశారు. గట్టి కారణం లేకుండా ఎవర్నీ అలా కింద మెట్టున కూచోబెట్టకూడదని. ఈవిడ 2022లో మళ్ళీ వచ్చి, కాలిక్యులస్‌లో మొదటి శ్రేణి మార్కులు తెచ్చుకుంది. చూశారా, పదేళ్ళ కిందట “నీకు లెక్కలు రావు” అన్న మనిషికి!

అంత చదివీ మళ్ళీ ఒకచోట బోల్తాపడింది. ఫిజిక్సు తీసుకుంది, మంచి మార్కులే వచ్చాయి. కానీ అక్కడ ఫిజిక్సు రెండు రకాలట. కాలిక్యులస్‌తో చెప్పేదొకటి, అది లేకుండా చెప్పేదొకటి. ఇంజనీరింగుకి మొదటిదే కావాలి. ఈవిడ రాత్రిపనికి సర్దుబాటయ్యే వేళ చూసుకుని రెండోది చదివింది. అది చెల్లదు. మళ్ళీ చదవాలంటే ఇంకో ఏడాది. సెప్టెంబరులో పెట్టుకోవలసిన అర్జీ ఒకటుంది. అది పెట్టుకుని, వాళ్ళు చెప్పిన మార్కులు తెచ్చుకుంటే, కొన్ని యూనివర్సిటీల్లో చాలా చదువులకి సీటు ఖాయమని ముందే మాటిస్తారు. అలాంటిదొకటి వుందనే ఈవిడకి నిరుడు తెలియలేదు.

ఇది ఈవిడొక్కర్తి కథ కాదు. అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2017లో ఒక నివేదిక ఇచ్చింది. 2004, 2009 మధ్య కాలేజీ మారినవాళ్ళు అంతకుముందు కష్టపడి సంపాదించుకున్న క్రెడిట్లలో, సగటున నూటికి 43 దాకా కొత్తచోట చెల్లకుండా పోయాయట. పుట్టింటివాళ్ళు పొయ్యి దగ్గర చెమటోడ్చి చేసి పంపిన సారెని, “ఇది మా ఇంటి ఆనవాయితీ కాదమ్మా” అని అత్తగారు సగం పక్కకి నెట్టేసినట్టుంది, కాదూ?

మా అమ్మాయి ఏం చేసిందంటే, తెల్లకాగితం తీసి పెన్సిలుతో గళ్ళు గీసింది. ఈ పంటలో ఇది, వచ్చే పంటలో అది అని మన రైతులు లెక్క వేసుకుంటారే, అలా. “ఈ కాలిక్యులస్ అయితేగాని ఆ ఫిజిక్సులో చేర్చుకోరు. అది అయితేగాని ఫలానాది చదవనివ్వరు. ఇక్కడ ఒక్కటి తప్పితే ఏడాది పోతుంది. ఈ యూనివర్సిటీ వాళ్ళు కెమిస్ట్రీ కూడా అడుగుతారు, ఆ యూనివర్సిటీ వాళ్ళు అడగరు. సెప్టెంబరు నెలాఖరులోగా ఈ అర్జీ. నవంబరులో ఇంకోటి.” ముప్పావుగంట పట్టింది. ఆవిడ ఆ కాగితాన్ని పెళ్ళి శుభలేఖలా నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచుకుంది.

ఇంటికెళ్ళేటప్పుడు కారులో నేను వూరుకోలేకపోయాను. “ఇదంతా ఆవిడ చూసుకోవద్దుటే? ఏ పుస్తకంలోనూ రాసి లేదా?” అన్నాను.

“ఎందుకు లేదమ్మా? అన్ని కాలేజీల్లో ఏది చదివితే ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో మొత్తం ఒకచోట పెట్టారు. ‘అసిస్ట్’ అంటారు. ఎవరైనా చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.”

“మరింకేం? అది కూడా చూసుకోలేని మనిషి రేపు వంతెన ఏం కడుతుంది? నువ్విలా అన్నీ కలిపి ముద్దలు పెడుతూ పోతే వాళ్ళకి తినడం ఎప్పుడొస్తుంది?”

మా అమ్మాయి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, “అమ్మా, నా ఎంసెట్ అప్లికేషన్ ఎవరు నింపారు?” అంది.

నేను మాట్లాడలేదు. ఎవరు నింపారో నాకు తెలీదూ!

2001 సంగతి. అప్లికేషన్ నింపింది నేను. తెచ్చింది మావారు. ఫోటో వెనక పేరు రాయాలని, సంతకం గడి దాటకూడదని దాని వెనకే నిలబడి చెప్పాను. ఏ ఫిజిక్సు మాస్టారి దగ్గర చేరాలో మా తోటి లెక్చరర్ చెప్పింది. ఏ కాలేజీలో ల్యాబులు వున్నాయో, ఎక్కడ రంగుల బ్రోషరు తప్ప మరేమీ లేదో మా మరిది వాకబు చేశాడు. కౌన్సెలింగుకి మావారు సెలవు పెట్టి, సర్టిఫికెట్లు రెండేసి జిరాక్సులు తీయించి, రాత్రి బస్సులో పిల్లని వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్ళారు. పరీక్ష రోజున నేను పెరుగన్నం డబ్బా పట్టుకుని ఎండలో చెట్టుకింద కూచున్నాను. సీటు వచ్చాక అందరితోనూ ఏమన్నానో తెలుసా? “మా పిల్లకి మెరిట్‌లో వచ్చిందండీ, ఎవరి సాయమూ లేదు” అన్నాను!

అబద్ధం చెప్పానని కాదు. పిల్ల కష్టపడి చదివింది. కానీ ఆ కష్టం చుట్టూ మేమంతా వేసిన పందిరి నా కంటికి కనిపించలేదు. కనిపించకపోవడమే దాని లక్షణం కాబోలు. మన ఇంట్లో వున్న దాన్ని మనం సాయం అనం. ప్రేమంటాం, బాధ్యతంటాం. అదే పక్కింటి పిల్లకి ఎవరైనా చేసిపెడితేనే సాయం అంటాం. ఇంకా కొంచెం ముందుకెళ్ళి, “అలా చేస్తే పాడైపోతారు” అని కూడా అంటాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిదేళ్ళుగా మూటకట్టి అటకెక్కించిన సంగతొకటి కిందకి దిగింది. ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ. మీకు చెబుతున్నాను.

2016లో నా సెల్‌ఫోను అద్దం పగిలితే మా వూళ్ళో ఒక షాపుకి తీసుకెళ్ళాను. కౌంటరు వెనక కూచుని ఫోన్లు విప్పుతున్న అమ్మాయి తలెత్తి, “మేడమ్!” అని లేచి నిలబడింది. 2005లో మా దగ్గర ఎలక్ట్రానిక్సు డిప్లొమా పూర్తిచేసిన పిల్ల. లెక్కల్లో దిట్ట. నేను బోర్డు మీద సగం వేసేసరికి జవాబు చెప్పేసేది. పల్లెటూరి నుంచి పొద్దున బస్సులో వచ్చి, నాలుగింటి బస్సుకి పరిగెత్తేది. ఆ బస్సు తప్పితే మళ్ళీ రాత్రిదాకా లేదు. తండ్రి కూలీ.

“ఇంజనీరింగు చదవలేదుటే? నీకు ఈసెట్‌లో మంచి రాంకు వచ్చేది కదా” అన్నాను.

“బి.టెక్. అంటే మళ్ళీ మొదటినుంచీ నాలుగేళ్ళు అనుకున్నాను మేడమ్. నాలుగేళ్ళు ఆగే స్థితి కాదు మాది. రెండో సంవత్సరంలో చేర్చుకుంటారని తర్వాత మా తమ్ముడు రాసినప్పుడు తెలిసింది. నోటీసులో లేటరల్ ఎంట్రీ అని వుంటే, లేటుగా చేరేవాళ్ళకి కాబోలనుకున్నాను” అని తనే నవ్వింది.

“అయ్యో పిచ్చిదానా, ఎవర్నైనా అడక్కపోయావా?” అన్నాను.

ఆ పిల్ల నవ్వు ఆపి, చేతిలో స్క్రూడ్రైవరు వంక చూస్తూ, “అడిగాను మేడమ్” అంది. అంతే. ఎవర్నడిగావని నేను అడగలేదు. అడగక్కర్లేకపోయింది. ఫైనలియర్ పిల్లలు వరండాలో ఆపి ఏదడిగినా నేను చెప్పే జవాబు నాకు కంఠతా వచ్చు: “నోటీసు బోర్డులో వుంది, చూసుకో.” ఆ పిల్ల అడిగిన రోజు నాకు గుర్తు కూడా లేదు. తనకి మాత్రం గుర్తుంది. కొత్త అద్దం వేసి, ఎంత చెప్పినా డబ్బు పుచ్చుకోకుండా, “మా లెక్కల మేడమ్” అని యజమానికి గొప్పగా పరిచయం చేసింది. ఆ గౌరవం నాకు ముల్లులా గుచ్చుకుంది.

నేను తప్పు చేశానా? రూలు ప్రకారం చూస్తే లేదు. బోర్డు అందరికీ ఒకటే. అందరికీ కనబడేచోటే వుంది. ఒకరికి చూపించి ఒకరికి దాచలేదు. ఇంతకంటే సమానత్వం ఏం కావాలి? కానీ ఆలోచించి చూడండి. మా అమ్మాయి ఏనాడైనా నోటీసు బోర్డు చూసిందా? దానికా అవసరమే రాలేదు. బోర్డు మీది అక్షరాలన్నీ భోజనాల దగ్గర మాటలుగా దాని చెవిన పడుతూనే వున్నాయి. నాలుగింటి బస్సు పిల్లకి ఆ బోర్డు తప్ప దిక్కులేదు. అదేమో పొట్టి అక్షరాల ఇంగ్లీషులో వుంది. అందరికీ ఒకటే అనుకున్నది ఒకరికి అలంకారం, ఒకరికి గోడ.

పైగా అడగాలంటే, అడగవలసినది ఒకటుందని ముందు తెలియాలి కదా! పాయసం వండారని తెలిస్తేనే కదా పాయసం వెయ్యమని అడిగేది!

మా అమ్మాయి ఒక సంగతి చెప్పింది. 1970ల్లో బర్క్‌లీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే ఆయన లెక్కలు చెప్పేవాడట. కాలిక్యులస్‌లో నల్లజాతి పిల్లలు ఎక్కువమంది తప్పుతున్నారు, చైనా కుటుంబాల పిల్లలు బాగా పాసవుతున్నారు. ఎందుకని సాటి అధ్యాపకుల్ని అడిగితే, ఆసక్తి లేదనీ, పునాది లేదనీ, ఇంట్లో పట్టించుకోరనీ, డబ్బు లేదనీ తలో కారణం చెప్పారట. ఆయన వాళ్ళ మాట పక్కనపెట్టి, ఆ పిల్లలు ఎలా చదువుతున్నారో వాళ్ళ వెంటే వుండి చూశాడు. అవేవీ అసలు కారణాలు కావని తేలింది. ఆ నల్లజాతి పిల్లలు గంటలకి గంటలు చదువుతున్నారు. ఎటొచ్చీ ఒంటరిగా చదువుతున్నారు. చైనా పిల్లలు ఎవరి లెక్కలు వాళ్ళు చేసుకుని, సాయంత్రం కలిసి కూచుని, ఒకరి తప్పులొకరు పట్టుకుని, పాత పరీక్ష పేపర్లు చూసుకుని, అన్నలూ అక్కలూ చెప్పిన కిటుకులు పంచుకుంటున్నారు.

అప్పుడాయన చేసిన పనే నాకు గొప్పగా తోచింది. ఈ పిల్లలు వెనకబడ్డారు గదా అని తేలిక లెక్కలు ఇవ్వలేదు. మామూలు క్లాసులో ఇచ్చే వాటికన్నా కష్టమైనవి ఇచ్చాడు. అయితే నలుగురినీ ఒక బల్ల చుట్టూ కూచోబెట్టి ఇచ్చాడు. ఆ బల్ల దగ్గర కూచున్న పిల్లలు కాలిక్యులస్‌లో నిగ్గు తేలారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో కాలేజీలకి పాకింది. 1970లోనే ఆ చుట్టుపక్కల ఓక్లండ్‌లోని ఒక హైస్కూల్లో మొదలైన ‘మేసా’ అనే కార్యక్రమం కూడా ఇలాంటిదే. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీల్లో దాని పేరున గదులే వున్నాయి. కలిసి చదువుకోవడానికి బల్లలు, దారి చెప్పడానికి మనుషులు.

ఇది విన్నాక నాకు నాలుగింటి బస్సు అర్థమైంది. హాస్టల్లో వున్న పిల్లలకి ఈసెట్ సంగతి ఎవరూ పాఠంలా చెప్పలేదు. రాత్రిపూట జడలు అల్లుకుంటూ మాట్లాడుకున్నారు. ఆ మాటలు మొదలయ్యే వేళకి మా పిల్ల బస్సెక్కేసేది. కమ్యూనిటీ కాలేజీ వాళ్ళలోనూ చాలామందిది అదే బతుకు. పనినుంచి రావడం, పాఠం వినడం, మళ్ళీ పనికి పరిగెత్తడం. చదువు క్లాసులో దొరుకుతుంది. చదువుకి దారి మాత్రం క్లాసు అయిపోయాక దొరుకుతుంది.

మరి నేను కారులో అడిగిన ప్రశ్న మాటేమిటి? ఇలా అన్నీ అమరిస్తే మనుషులు సోమరులు కారా? ఈ ప్రశ్న కొట్టిపారెయ్యదగినది కాదు. ఇంజనీరు కట్టిన వంతెన మీద అందరమూ నడవాలి. చేతకానివాళ్ళని జాలిపడి పాసు చెయ్యమని నేనూ అనను. ఆ స్ట్రాబెర్రీ తోటల బిడ్డ కూడా అనదు. కానీ ఆడవాళ్ళం, మనకి తెలిసిన విషయం ఒకటుంది. వడ్డించడం వేరు, తినిపించడం వేరు. పంక్తిలో కూచున్న పెద్దవాళ్ళకి ముద్దలు కలిపి నోట్లో పెడితే అవమానం. విస్తరి ఖాళీగా వుంటే చూడనట్టు వెళ్ళిపోతే అంతకన్నా అవమానం. మా అమ్మాయి ఆవిడ బదులు లెక్కలు చెయ్యలేదు, పరీక్ష రాయలేదు. ఏ పదార్థం ఎక్కడుందో చూపించి, విస్తట్లో పెట్టింది. తినవలసింది ఆవిడే. తెల్లవారుజామున రెండింటికి లేచే మనిషికి కష్టపడటం మనం నేర్పాలా?

సామెతల్లో ఇంకోటుంది చూడండి: “వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూచున్నా ఫరవాలేదు.” మొదటి సామెతకన్నా ఇందులో లోకజ్ఞానం ఎక్కువ. మన పిల్లలకి వడ్డించేవాళ్ళందరూ మనవాళ్ళే. లెక్చరర్లు, గుమాస్తాలు, బాబాయిలు, పైక్లాసు అక్కయ్యలు. మరి కడపంక్తిన కూచుని, వడ్డించేవాళ్ళలో తనవాడంటూ ఒక్కడూ లేనివాళ్ళ మాటేమిటి? వాళ్ళకి రెండే దారులు. ఆకలితో లేచిపోవడం, లేదా గరిటె చేతిలో వున్నవాళ్ళెవరో ఒకరు “నేను నీదాన్నే” అనుకోవడం.

ఇందుకు పెద్ద త్యాగాలు అక్కర్లేదు. మన పెద్దలు ఋషిఋణం అన్నారు. విద్య ఇచ్చినవారి అప్పు వారికి తిరిగి తీర్చలేం. ఆ విద్యని ఇంకొకరికి అందించే తీర్చుకోవాలి. పాఠం చెప్పి జీతం తీసుకున్నాను గదా, నా అప్పు తీరిపోయిందనుకునేదాన్ని. తీరలేదు. నేను నేర్చుకున్నది పాఠమొక్కటే కాదు. ఏ గుమ్మంలోంచి వెళ్ళాలో, ఏ కాగితం ముందు పెట్టాలో, ఎవరితో ఎలా మాట్లాడాలో అది కూడా ఎవరో నాకు నేర్పారు. ఆ ముక్క మాత్రం నా కూతురికొక్కదానికే దాచి ఇచ్చాను.

ఆవిడ కథ ఏమయిందంటారా? ఫిజిక్సు మళ్ళీ చదివింది. నేను వచ్చేశాక మా అమ్మాయి ఫోన్లో చెప్పింది, ఒక స్టేట్ యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగులో సీటు వచ్చిందట. అక్కడా ఒక సబ్జెక్టు చెల్లదన్నారట. పోనీలెండి, ఒకటే కదా.

నేను ఇండియా వచ్చిన వారానికి ఆ సెల్‌ఫోన్ల షాపుకి వెళ్ళాను. ఏమని చెప్పాలో వాక్యాలు కూడా కూర్చుకున్నాను. షాపు వుంది, ఆ పిల్ల లేదు. పెళ్ళయి వేరే వూరెళ్ళిందట. చెప్పవలసిన క్షమాపణ చేతిలోనే మిగిలిపోయింది. కొన్ని అప్పులు ఇచ్చినవాళ్ళకి తీర్చలేం.

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొడుకు డిప్లొమా ఆఖరు సంవత్సరం చదువుతున్నాడు. ఇన్నాళ్ళూ నాకు కూరలు తెచ్చిపెట్టే కుర్రాడిగానే తెలుసు. మొన్న కూరల సంచీ ఇచ్చి వెళ్ళబోతుంటే ఆపాను. తెల్లకాగితం తీసి గళ్ళు గీశాను. ఈసెట్ ఎప్పుడు, అప్లికేషన్ ఎప్పుడు, పదో తరగతి మార్కుల మెమో, స్టడీ సర్టిఫికెట్లు, ఆదాయం, కులం సర్టిఫికెట్లకి ఇప్పుడే ఎక్కడ అర్జీ పెట్టాలి, రాంకు వస్తే చేరేది బి.టెక్. రెండో ఏట, అంటే చదవవలసింది మూడేళ్ళే.

వాడు గుమ్మం దగ్గరే నిలబడి, కాగితం వంకా నా వంకా మార్చి మార్చి చూసి, “నేనేం అడగలేదు గదమ్మగారూ” అన్నాడు భయంగా.

“తెలుసులే. చెప్పులు విడిచి లోపలికొచ్చి కూచో” అన్నాను. “ఈ వాటాలో ఇంకెవరైనా డిప్లొమా చదివే పిల్లలుంటే వాళ్ళనీ రమ్మను. ఒక్కడివీ చదవకు.”